బావిలో చుట్టం

పోయిన నెల మా తమ్ముడు తెనాలి నుంచి వస్తూ ఒక గోనెసంచి తెచ్చి నా వరండాలో ధన్‌మని పడేశాడు. "పాత ఇనుప సామాను వాడికి వేసేద్దామనుకున్నానక్కా. తీరా తక్కెట్లో పెట్టబోయేసరికి మనసొప్పలేదు. నీ దగ్గర ఉంచు" అన్నాడు. సంచి విప్పితే పాతాళగరిగ. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చే బాపట్ల ఇంట్లో నాకిదెందుకురా అని విసుక్కున్నాను గానీ, వాడు వెళ్ళిపోయాక చాలాసేపు దాని ముందే కూర్చుండిపోయాను. తెనాలి ఇల్లు అమ్మేసి ఏడాది కూడా కాలేదు. కొన్నవాళ్ళు పాత గోడలు పడగొట్టి, ఆ రద్దంతా పెరట్లో బావిలోనే పోసి చదును చేశారట. బండి పెట్టుకోవడానికి చోటు కలిసొచ్చిందని సంతోషపడ్డారట కూడా. వాళ్ళను అనడానికేం లేదు. నీళ్ళు తోడనివాళ్ళకి బావి గొయ్యే కదా.

ఈ కాలం పిల్లలకి పాతాళగరిగ అంటే చెప్పాలి. ఒక ఇనుప కడియానికి చుట్టూ కొక్కేలు వేలాడుతూ ఉంటాయి. తాడు తెగి బావిలో బొక్కెన పడిపోతే దీన్ని దించి, అడుగంతా దేవి, దేనికో ఒకదానికి తగిలించి పైకి లాగుతారు. మా వీధి మొత్తానికి అది మా ఇంట్లోనే ఉండేది. అడగడానికి వచ్చినవాళ్ళు ఇత్తడి చెంబో గిన్నో మా ఇంట్లో పెట్టి పట్టుకెళ్ళాలి. అది మా నాయనమ్మ పెట్టిన కట్టుబాటు. "ఇనుము పట్టుకెళ్ళినవాళ్ళు ఇత్తడి పెట్టాల్సిందే, దేవుడొచ్చి అడిగినా సరే" అనేది. వరండా కిటికీలో కొత్త చెంబు కనబడిందంటే వీధిలో ఎవరి బొక్కెనో మునిగిందని లెక్క. ఎవరి కోడలి చేయి జారిందో, ఆ అత్తగారు ఏమేమి అందో సాయంత్రానికి మాకు తెలిసిపోయేది. నాయనమ్మకి అంతకు మించిన కాలక్షేపం ఉండేది కాదు.

మా బావి పెరట్లో ఉండేది. రాతి కట్టడం, పైన గిలక, పక్కన బట్టలుతికే బండ. తడి తాడు వాసన, కుంకుడు నురుగు వాసన, గంజి వాసన కలిసి ఆ చోటికి ఒక వాసన ఉండేది. రాళ్ళ సందుల్లో నాచు, చిన్న చిన్న ఆకుమొక్కలు, కప్పలు. నీళ్ళలో చేదు పరిగెలు. వేలెడంత కూడా ఉండని తెల్లటి చేపలవి. ఎప్పుడో మా తాతగారి కాలంలో కాలవలోంచి తెచ్చి వేశారట. నాయనమ్మ పొద్దున్నే మొదటి బొక్కెన తోడేముందు గుప్పెట్లో నూకలు తెచ్చి బావిలో చల్లేది. నీళ్ళు ఒక్కసారిగా తళతళమనేవి. గట్టుమీద బోర్లా వంగి చూస్తూ "ఆ, అందరూ వచ్చారు" అనుకుని అప్పుడు బొక్కెన దించేది. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు బావి తోడించి పూడిక తీయించేవాళ్ళు. ఆ రెండు రోజులూ పరిగెలు గోలెంలో ఉండేవి. పిల్లి రాకుండా కాపలా కాయడానికి నన్ను కూర్చోబెట్టేవాళ్ళు.

మేం చేపలు తినేవాళ్ళమే. ఆదివారం వస్తే మా వంటింట్లో మసాలా నూరే చప్పుడు వీధి చివరికి వినిపించేది. కానీ బావిలో బతికేదాన్ని తినకూడదు. అదీ నాయనమ్మ కట్టుబాటే. "అవి నీళ్ళు చూసుకుంటాయి, మనం వాటిని చూసుకుంటాం" అనేది. అవి నీళ్ళని ఎలా చూసుకుంటాయో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పెద్దవాళ్ళు చెప్పేవాటిలో సగం ఇలాగే ఉంటాయి. పని జరుగుతున్నంతకాలం ఎందుకని ఎవరూ అడగరు.

ఆ ఏడు మా సుగుణత్తయ్య పురిటికి వచ్చింది. నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు, నాయనమ్మ కడుపున చివరి కాన్పు. అమృతలూరు ఇచ్చారు. పెళ్ళయిన మూడో ఏట నెల తప్పింది. ఐదో నెలలోనే నాయనమ్మ పట్టుబట్టి తెచ్చేసుకుంది. అత్తయ్య వచ్చిందంటే ఇంట్లో నాకొక జత దొరికినట్టు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దదైనా నాతో సమానంగా అష్టాచెమ్మా ఆడేది, ఓడిపోతే గవ్వలు విసిరికొట్టేది. చింతకాయ తొక్కు వేలితో నాకుతూ పెరటి గుమ్మంలో కూర్చునేది. కడుపుతో ఉన్నదాన్ని ఏమీ అనకూడదని ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. అది చూసి నాకు కొంచెం కుళ్ళు కూడా.

బాలింతకి కొరమీను పులుసు పెడితే రక్తం పడుతుందని, నడుం గట్టిపడుతుందని మావైపు నమ్మకం. నాయనమ్మకి ఆ నమ్మకం కాస్త ఎక్కువ. మా అమ్మకి నేను పుట్టినప్పుడు దొరకలేదని, అందుకే అమ్మకి ఇప్పటికీ నడుం నొప్పి అని ఏడాదికోసారైనా అనేది. ఈసారి అలా జరగకూడదని ముందే తన తమ్ముడికి కబురు పెట్టింది. ఆయన రేపల్లె దగ్గర వ్యవసాయం చేసేవాడు. మాకు రేపల్లె తాతయ్య. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆయన వీధి మొదట్లో ఉండగానే మా ఇంట్లో కాఫీ నీళ్ళు పొయ్యిమీద పడేవి. అక్క అడిగిందంటే ఆయన చెట్టెక్కమన్నా ఎక్కేవాడు. అడిగింది కార్తీకానికి. ఆయన ఆషాఢంలోనే దిగాడు, రేపల్లె పాసింజరులో, తడి గోనె కప్పిన కుండ ఒళ్ళో పెట్టుకుని.

"ఇప్పుడెందుకు తెచ్చావురా? పురుడు ఇంకా ఎక్కడుంది?" అంది నాయనమ్మ.

"తొలకరి నీళ్ళకి చేప ఎదురెక్కుతుందక్కా. ఇప్పుడైతే గట్టుమీద నిలబడి పట్టొచ్చు. రేపు చేలన్నీ నిండాక మళ్ళీ దాని మొహం ఎవడు చూశాడు? నువ్వడిగిన రోజున దొరక్కపోతే నన్ను బతకనిస్తావా?"

ఆయన అన్నదీ నిజమే. కుండలో నాలుగు కొరమీనులు. జానెడు కూడా లేవు. నల్లటి వీపు, పాముతల. గోలెంలో వేస్తే పిల్లి వదలదు, కాకి వదలదు. అయినా అన్ని నెలలు గోలెంలో ఎలా బతుకుతాయి? నాన్న, తాతయ్య, నాయనమ్మ ముగ్గురూ కుండ చుట్టూ కూర్చుని ఆలోచించారు. చివరికి తాతయ్యే అన్నాడు, బావిలో వేద్దామని. నాయనమ్మ ఒప్పుకోలేదు. బావిలో వేశాక మరి కొయ్యడానికి లేదు, తన కట్టుబాటు తానే ఎలా తప్పుతుంది? తాతయ్య నవ్వి, "ఇవి నీ బావి చేపలు కావక్కా, చుట్టాలు. నాలుగు రోజులుండి పురుడవ్వగానే వెళ్ళిపోతాయి. చుట్టానికి కట్టుబాట్లేంటి?" అన్నాడు. అత్తయ్య గుమ్మంలోంచి "నా చుట్టాలు! వెయ్యమ్మా, రోజూ చూసుకుంటాను" అంది. అత్తయ్య అడిగాక ఆ ఇంట్లో కాదనేవాళ్ళెవరు? నాయనమ్మ తన చేత్తోనే కుండ వంచింది. నేను పక్కనే ఉన్నాను. నల్లగా జారి, నీళ్ళలో పడి, రాళ్ళ సందుల్లోకి వెళ్ళిపోయాయి.

కొరమీను మామూలు చేపలా నీళ్ళలోనే ఊరుకోదు. ఊపిరికి పైకి వస్తుంది. వచ్చినప్పుడు 'గుబుక్' అని చప్పుడవుతుంది. సాయంత్రాలు అత్తయ్య బావి చప్టామీద చాప వేయించుకుని, కాళ్ళు చాపుకుని, జడ నా చేతికిచ్చి కూర్చునేది. గుబుక్ అనగానే "అదుగో, చుట్టం పలికాడు" అనేది. కడుపులో పిల్ల కదిలినా అలాగే అనేది, చుట్టం పలికాడని. బావిలో చుట్టానికి ఒక పేరు, కడుపులో చుట్టానికి ఒక పేరు పెట్టాలని మేమిద్దరం చాలా పేర్లు అనుకున్నాం. అవేవీ నాకిప్పుడు గుర్తులేవు. ఎంత తలుచుకున్నా రావు.

శ్రావణంలో ఒకరోజు పొద్దున నాయనమ్మ నూకలు చల్లి గట్టుమీద అలాగే వంగి ఉండిపోయింది. నీళ్ళు తళతళమనలేదు. నూకలు కాసేపు తేలి, నెమ్మదిగా కిందికి దిగిపోయాయి. "అమ్మాయ్, ఇలా రా, నీకు కళ్ళు బాగుంటాయి" అని నన్ను పిలిచింది. నాకూ ఏమీ కనబడలేదు. నాచుమీద కూర్చునే కప్పలు కూడా లేవు. మర్నాడూ అంతే. ఆ తర్వాత బిందెలో నీళ్ళు వెలుతురుకి పెడితే సన్నటి పురుగులు, తోకలాడించుకుంటూ కిందికీ పైకీ పోతున్నాయి. అమ్మ నీళ్ళు గుడ్డతో వడకట్టడం మొదలుపెట్టింది. వర్షాకాలం నీళ్ళు కదా అని నాన్న తీసిపారేశాడు.

నాయనమ్మ కాలవ నుంచి పరిగెలు తెప్పించి వేసింది. రెండు రోజులు తళతళలాడాయి, మూడోనాటికి లేవు. మళ్ళీ తెప్పించింది. మళ్ళీ లేవు. అత్తయ్య చుట్టాలకి మేం పనిగట్టుకుని వేళకి భోజనం పెడుతున్నామన్నమాట. ఆ సంగతి అర్థమై గాలం వేశారు, ఎర తిని పోయింది కానీ పడలేదు. తాతయ్యకి కబురెళ్ళింది. ఆయన వల తెచ్చి, చొక్కా విప్పి బావిలోకి దిగాడు. బావిలో వల విసరడానికి చోటేది? చేప రాళ్ళ సందులోకి దూరితే వల ఏం చేస్తుంది? పాతాళగరిగకి పాత వల ముక్క కట్టి దించాడు, కోడి పేగులు కట్టి దించాడు. పైకి వచ్చి, తల తుడుచుకుంటూ, "నాలుగు కాదక్కా, ఒకటే ఉన్నట్టుంది. మిగతావాటిని కూడా అదే తినేసింది. ఊళ్ళో గుంటలన్నీ దేవినవాణ్ణి, బావిలో చేపని పట్టలేకపోయాను" అన్నాడు. ఆ పెద్ద గొంతు అంత చిన్నగా పలకడం నేను వినడం అదే మొదలు.

బావి తోడించేద్దామన్నాడు నాన్న. కాలవ నిండుగా పారుతోంది, పైన ముసురు. ఆ రోజుల్లో తెనాలిలో గునపం దింపితే నీళ్ళొచ్చేవి. నలుగురు మనుషులు పొద్దుటినుంచి తోడితే మూరెడు దిగింది. భోజనాలు చేసి వచ్చేసరికి ఆ మూరెడూ ఊరిపోయింది. "వేసవి దాకా ఇంతేనండి, ఇది మా వల్ల అయ్యేపని కాదండి" అని వాళ్ళు తాళ్ళు చుట్టుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం అయితే ఇంట్లో దోమలు. మునుపూ ఉండేవి గానీ ఇలా కాదు. నాయనమ్మ వేపాకు పొగ వేసేది, ఆ పొగకి మేం దగ్గేవాళ్ళం, దోమలు దగ్గేవి కావు. ఇంట్లో ఉన్నది ఒక్క దోమతెర. దాన్ని అత్తయ్య మంచానికి కట్టారు. రాత్రి తెరలో పడుకుంటుంది సరే, సాయంత్రం చప్టామీద కూర్చోవడం మానమంటే ఎలా మానుతుంది? ఇంట్లో ఉక్క, కడుపులో భారం. "ఇక్కడే కాస్త గాలాడుతోందే" అనేది. నేను విసనకర్రతో విసిరేదాన్ని. అందరం అక్కడే కూర్చునేవాళ్ళం. అందరినీ కుట్టాయి.

మొదట నాకే వచ్చింది జ్వరం. నాలుగు దుప్పట్లు కప్పినా ఆగని చలి, తర్వాత ఒళ్ళు పేలిపోయే వేడి, తర్వాత చెమట, మర్నాడు ఏమీ లేనట్టు. చేదు మాత్రలు మింగి నేను లేచి తిరిగాను. వారం తిరిగేసరికి అత్తయ్యకి వచ్చింది. ఆ చలికి మంచం కోళ్ళు నేలమీద టకటకలాడుతుంటే నాయనమ్మ తన ఒళ్ళంతా ఆమెమీద వేసి పట్టుకునేది. కడుపుమీద భారం పడకుండా మోచేతులమీద ఆనుకుని పట్టుకునేది. డాక్టరుగారు ఇంటికే వచ్చి చూశారు. మలేరియా అన్నారు. ఆ జబ్బు దేశంలోంచి పోయిందనే అందరం అనుకుంటున్న రోజులవి. నాన్న అదే అన్నాడు. "పోయిందనే మేమూ అనుకున్నామండి" అన్నాడాయన, స్టెతస్కోపు సంచిలో పెట్టుకుంటూ.

మలేరియా వాళ్ళు వచ్చారు. గోడలకి మందు కొట్టారు. ఆ తెల్లటి మందు వాసన ఇల్లంతా పట్టింది, అన్నంలో కూడా అదే వాసన. మునుపు ఆ మందు కొడితే రాలిపడే దోమలు ఇప్పుడు గోడమీద వాలి తీరిగ్గా లేచిపోతున్నాయి. వాళ్ళతో వచ్చిన ఇన్‌స్పెక్టరుగారు పెరట్లోకి వచ్చి, అద్దం అడిగి తీసుకుని, ఎండని అద్దంతో బావిలోకి కొట్టి చూశారు. బొక్కెన తోడి చేత్తో నీళ్ళు తీసి చూశారు.

"బావిలో చేపల్లేవాండి?" అని అడిగారు.

"ఉండేవండి" అంది నాయనమ్మ.

"అదేనండి. చేపలుంటే ఇన్ని దోమపిల్లలు ఉండవు, ఎప్పటివప్పుడు తినేస్తాయి. మంచినీళ్ళ బావిలో మందు పొయ్యలేం. నాలుగు పరిగెలు తెచ్చి వేసుకోండి, అంతకు మించిన మందు లేదు. పక్క వీధిలో పాడుబావి ఒకటుంది, దాన్నిండా కూడా ఇవే. దాని సంగతి చూడాలి" అని ఆయన చెయ్యి దులుపుకుని వెళ్ళిపోయారు.

నాయనమ్మ బండమీద కూర్చుండిపోయింది. ఆయన మామూలుగా చెప్పి వెళ్ళిన మాట ఆవిడకి ఎక్కడ తగిలిందో నాకు ఆ రోజు తెలియలేదు. తన చేత్తో కుండ వంచింది ఆవిడే కదా. కూతురికి రక్తం పట్టాలని తెప్పించుకున్నది, కూతురి రక్తం మీదికే వచ్చింది. అప్పటినుంచి ఆవిడ ఆ చేపని పట్టడానికి చెయ్యని పని లేదు. పొద్దున్నే పాతాళగరిగ దించి, గంటలకి గంటలు నీళ్ళు కెలికేది. చేతులు బొబ్బలెక్కాయి. లోపల గదిలో కూతురు చలికి వణుకుతుంటే, బయట ఈవిడ బావిలో ఇనుము ఆడిస్తుంటే, మధ్యలో మా అమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చేది. అంత కెలికినా మధ్యాహ్నానికి నీళ్ళు తేరుకునేవి. అప్పుడు గుబుక్ అని వినిపించేది. ఆ చప్పుడు వింటే నాకు చేపమీద కోపం వచ్చేది. లోపలినుంచి అత్తయ్య నీరసంగా "చుట్టం పలికాడే" అనేది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. మధ్యాహ్నం భోజనాల వేళ. మగపిల్లవాడు. నన్ను వరండాలోనే ఉంచారు. ఏడుపు వినిపించింది, పిల్లికూనలా. నేను సంతోషపడ్డాను. సందెదీపం పెట్టే వేళకి ఆ ఏడుపు ఆగిపోయింది. నాన్న లోపలికి వెళ్ళి, బట్టలో చుట్టి పట్టుకుని, పెరటి దారిన కాక వీధి దారిన వెళ్ళాడు. బావి పక్కనుంచి తీసుకెళ్ళొద్దని నాయనమ్మ అన్నదట. నేను కిటికీలో ఉన్న చెంబుని చూస్తూ కూర్చున్నాను. ఎవరిదో చెంబు. ఎవరి బొక్కెనో పడింది. పాతాళగరిగ కావాలని వచ్చినవాళ్ళు మా ఇంటి సంగతి చూసి, చెంబు అక్కడే వదిలేసి తిరిగి వెళ్ళిపోయారు.

కార్తీకంలో అమృతలూరు నుంచి బండి వచ్చింది. అత్తయ్య అత్తగారు చెడ్డ మనిషి కాదు. "ఈ ఇల్లు మాకు అచ్చిరాలేదు వదినగారూ, ఏమీ అనుకోకండి" అని మాత్రం అంది. అత్తయ్య పసుప్పచ్చగా, సగం మనిషి అయిపోయి, ఎక్కేముందు బావివైపు ఒకసారి చూసింది. నాయనమ్మ బండి దాకా వెళ్ళలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది.

వేసవి వచ్చింది. కాలవలు కట్టేశారు. బావి అడుగంటింది. మనిషి దిగితే మోకాళ్ళ లోతు. అప్పుడు దొరికింది. వెతకనక్కర్లేదు, బురదలో పడి ఉంది. మూరెడు పొడవు, నా చెయ్యంత లావు. తినడానికేమీ మిగలక తల పెద్దదై ఒళ్ళు చిక్కిపోయింది. బొక్కెనలో పైకి వచ్చి, అటూ ఇటూ చూడకుండా, నోరు తెరిచి గాలి మింగింది. రేపల్లె తాతయ్యా వచ్చి ఉన్నాడు. ఆయన కత్తిపీట వైపు చూశాడు. నాయనమ్మ వద్దంది. "దానికేం తెలుసురా. ఎక్కణ్ణుంచి తెచ్చావో అక్కడే వదిలిరా" అంది. తాతయ్య దాన్ని కుండలో వేసుకుని, తడి గోనె కప్పి, వచ్చినట్టే రేపల్లె పాసింజరెక్కాడు. ఆ తర్వాత ఆయన మా ఇంటికి రావడం తగ్గింది. వచ్చినా ఏ చేపా తేలేదు, అరటిగెల తెచ్చేవాడు.

కాలవలు వదిలాక నాయనమ్మ కొత్త పరిగెలు తెప్పించి వేసింది. అవి బతికాయి, పిల్లలు పెట్టాయి. వానలు పడేసరికి కప్పలు ఎక్కణ్ణుంచో వాటంతటవే వచ్చి నాచుమీద కూర్చున్నాయి. వినాయక చవితికి బిందెలో ఒక్క పురుగు లేదు. నీళ్ళు చేతిలో గీతలు కనబడేంత తేటగా ఉన్నాయి. బావికి ఒక్క ఏడు చాలింది. అత్తయ్యకి మళ్ళీ నెల తప్పినప్పుడు నాయనమ్మ చెయ్యాల్సినవన్నీ చేసింది. రెండు దోమతెరలు కొనిపించింది, గదికి సున్నం వేయించింది, పొద్దున్నే నూకలు చల్లి "అందరూ వచ్చారు" అనుకుంది. అమృతలూరు వాళ్ళు మాత్రం అత్తయ్యని పంపించలేదు. ఇద్దరు ఆడపిల్లలూ అమృతలూరులోనే పుట్టారు. నాయనమ్మ వెళ్ళి చూసి వచ్చింది, చుట్టంలాగ.

నేను పెద్దదాన్నయి, జువాలజీ చదివి, బాపట్లలో కాలేజీలో పాఠాలు చెప్పాను. ఒక ప్రాణి ఇంకొకదాన్ని తింటేనే మూడోది అదుపులో ఉంటుందనీ, ఆ లెక్కలో పైనుంచి ఒకటి కొత్తగా వచ్చి పడితే కింద దాకా అంతా తలకిందులవుతుందనీ పుస్తకంలో ఉంటుంది. అది చెప్పడానికి ఏటా బోర్డుమీద ఒక బావి బొమ్మ గీసేదాన్ని. దోమపిల్లలు, పరిగెలు, కొరమీను, బాణం గుర్తులు. పిల్లలకి బాగా అర్థమయ్యేది. "తర్వాత ఏమైంది మేడమ్?" అనేవాళ్ళు. "చేపని తీసేశాక బావి మళ్ళీ మామూలైంది" అని చెప్పి తుడిచేసేదాన్ని. ఆ బావి ఎక్కడిదో ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు రేపల్లె వైపు వెళితే తాతయ్య పొలాలున్న చోటంతా రొయ్యల చెరువులు. తొలకరికి ఎదురెక్కే చేపా లేదు, ఎక్కడానికి చేనూ లేదు. కొరమీను కావాలంటే మార్కెట్లో అద్దాల తొట్టిలో చూపిస్తారు. వీధుల్లో బావులు లేవు, దోమలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

పోయిన వారం అత్తయ్య నా దగ్గర ఉండి వెళదామని వచ్చింది. జుట్టంతా నెరిసింది, మోకాళ్ళు వంగవు, అయినా అష్టాచెమ్మాలో ఓడిపోతే ఇప్పటికీ గవ్వలు విసిరికొడుతుంది. పాతాళగరిగ నేను మంచం కింద దాచాను గానీ, చీపురు పెట్టి ఊడుస్తుంటే కొక్కెం బయటికొచ్చి ఆమె కంటబడింది. ఒళ్ళో పెట్టుకుని కొక్కేలు ఒక్కొక్కటే తడిమింది.

"దీంతోనే కదూ మా అమ్మ చేతులు బొబ్బలెక్కించుకుంది" అంది.

చీపురు పక్కన పడేశాను. "నీకు తెలుసా అత్తయ్యా?"

"తెలీకేమే? జ్వరమొచ్చింది కానీ చెవులు పోలేదుగా. ఆ ఇన్‌స్పెక్టరు చెప్పిందంతా కిటికీలోంచి వినపడింది." గరిగ ఒళ్ళోంచి దించకుండానే, "నువ్వు చదువుకున్నావు, అందరికీ పాఠాలు చెప్పావు. ఒకటడుగుతాను, చెప్పు. ఆ చేపని బావిలో వెయ్యకపోతే నా పిల్లాడు బతికేవాడా?" అంది.

ఎన్నో ఏళ్ళుగా బోర్డుమీద గీసిన బొమ్మ నాకు కళ్ళముందే ఉంది. బాణం గుర్తులన్నీ ఉన్నాయి. కానీ పక్క వీధిలో పాడుబావి ఉంది. ఆ ఏడు ఊరంతా జ్వరాలున్నాయి. కుట్టిన దోమ ఏ బావిలో పుట్టిందో ఎవరు చెప్పగలరు? ఎంత చదివినా అది తేలదు. అబద్ధం చెప్పడం చేతకాక, నిజం తెలియక, "నాకు తెలీదత్తయ్యా" అన్నాను.

ఆమె తలూపింది. "మా అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఇదే అడిగిందే. 'బతికేవాడు కాదమ్మా, వాడి ఆయుష్షు అంతే, చేప ఏం చేస్తుంది' అని చెప్పాను. నాకేం తెలుసని చెప్పాను? ఆ మాటకి ఆవిడ కళ్ళు మూసుకుంది. నాకూ ఎవరైనా అదే మాట చెబుతారేమోనని ఇన్నాళ్ళూ చూస్తున్నాను. నువ్వైతే చదువుకున్నదానివి, నీ మాటైతే నమ్ముదామనుకున్నా."

ఇప్పుడు చెబుదామని నోరు తెరిచాను. కానీ అడిగి తెప్పించుకున్న మాటకి విలువేముంది? నా మొహం చూసి ఆమే నా భుజం తట్టింది. పాతాళగరిగని గోనెలో చుట్టి, కాలితో మంచం కిందికి తోసి, "పోనీలేవే. పొద్దెక్కింది, అన్నం పెట్టు" అంది.